సాగో చెట్టు కొట్టి పిండి బుట్టకెత్తేదాకా: సిబెరుత్ అడవిలో పదమూడు రాత్రులు

ఇండోనేషియాలో సుమాత్రా పడమటి తీరానికి ఎదురుగా ఉన్న సిబెరుత్ దీవి నుంచి, సుమాత్రా ఒడ్డునున్న పడాంగ్ నగరానికి తిరిగొచ్చి నాలుగు రోజులైంది. నీళ్ళలో నాని పాసిపోయిన కాలివేళ్ళు ఇంకా మానలేదు. రోజుల లెక్క మర్చిపోకముందే రాసిపెడుతున్నాను.

వెళ్ళింది ఆ దీవి మూలవాసులైన మెంతావాయి వాళ్ళు తాటి జాతి చెట్టైన సాగో మాను నుంచి పిండి ఎలా తీస్తారో మొదటి గొడ్డలి దెబ్బ నుంచి చివరిదాకా చేసి చూడటానికి. రంపచోడవరం ఏజెన్సీలో కొండరెడ్లు తిండికి కటకటైనప్పుడు జీలుగు మాను కొట్టి, లోపలి దవ్వ దంచి పిండి తీసేవాళ్ళు. ఆ పని తెలిసినవాడికి సిబెరుత్‌లో చూడాల్సింది చాలా ఉంటుంది. మన సగ్గుబియ్యం పేరులో ఉన్న ‘సగ్గు’ ఈ సాగోయే. సామర్లకోట, పెద్దాపురం మిల్లుల్లో చేసేది మాత్రం కర్రపెండలం నుంచి. ఐదు రోజుల పని అనుకుని వెళ్తే చెట్టు ఎంచుకున్న రోజు నుంచి బుట్ట కట్టేసరికి పది రోజులు పట్టింది. ఆ మిగతా ఐదు రోజులు ఎక్కడికి పోయాయో తెలియకుండా వెళ్తే అక్కడ కోపం వస్తుంది, కోపంలో తప్పులు చేస్తాం.

ఆగస్టు 6న పడాంగ్‌లో దిగాను. విమానాశ్రయంలోనే 30 రోజుల వీసా ఇచ్చారు, 5 లక్షల రుపియా. మన రూపాయికి దాదాపు 190 రుపియా వచ్చింది, అంటే 2,600 పైన. ఫాస్ట్ ఫెర్రీ రోజూ ఉండదు, వారంలో కొన్ని రోజులే. నాకు 8వ తేదీ దొరికింది. టికెట్టు మూడున్నర లక్షల రుపియా, నాలుగు గంటల ప్రయాణం. సముద్రం ఒక మోస్తరుగానే ఉంది, అయినా పడవలో సగంమంది వాంతులు చేసుకున్నారు. డబ్బంతా పడాంగ్‌లోనే నోట్లుగా తీసుకోవాలి. లోపలికి వెళ్ళాక ఏటీఎం ఉండదు, పెద్ద నోటుకి చిల్లరా ఉండదు.

పడవ దిగే ఊరు మువారా సిబెరుత్. అక్కడి అంగడిలో నేనూ గైడూ సరుకులు కొన్నాం: బియ్యం 10 కిలోలు, చక్కెర 5, కాఫీ పొడి, ఉప్పు, నూనె, ఎండుచేపలు, సిగరెట్లు రెండు కార్టన్లు, పొగాకు. సిగరెట్లు నాలుగు రోజుల్లో అయిపోయాయి. ఒకరికి ఒక పెట్టె ఇస్తే ఆయన జేబులో వేసుకోడు, అక్కడ కూర్చున్న అందరికీ పంచుతాడు. కాబట్టి లెక్క మనిషికింత అని వెయ్యకూడదు, ఇంటికింత అని వెయ్యాలి. పొగ తాగనివాళ్ళకి ఇది మింగుడుపడని సంగతే, కానీ పొగాకు లేకుండా ఎవరి ఇంటికీ వెళ్ళరు.

9న పొంపొంగ్ ఎక్కాం. సన్నటి దోనెకి చిన్న మోటారు బిగిస్తే అదే పొంపొంగ్. రెరెయికెత్ నది మీద ఎగువకి ఐదున్నర గంటలు. పది రోజులుగా వాన సరిగ్గా లేక నీళ్ళు తగ్గాయి, నాలుగు చోట్ల దిగి తోశాం. అద్దె 15 లక్షల రుపియా, అంటే 7,900 రూపాయలు, ఒక వైపుకే. దిగాక రెండు గంటల నడక. దారి పొడుగునా బురదలో దుంగలు పరిచి ఉంటాయి. ఆ దుంగ తప్పితే మోకాలిదాకా దిగబడతాం. మన ట్రెక్కింగ్ బూట్లు పనికిరావు, నీళ్ళు పట్టేసి బరువెక్కుతాయి. మువారా సిబెరుత్‌లో దొరికే పొడుగు రబ్బరు బూట్లే గతి. అవీ మూడో రోజుకి లోపల నిండిపోయాయి. మేం బస చేసిన ఇంటివాళ్ళు మాత్రం ఉత్త కాళ్ళతో పరుగెత్తుతుంటారు.

ఉమా అంటే వంశం అందరిదీ అయిన పొడుగాటి ఇల్లు. ఆ వంశాన్నీ ఉమా అనే అంటారు. స్తంభాల మీద లేపి, సాగో ఆకుతో కప్పుతారు. ముందు వసారా, తర్వాత నాట్యానికి పలకల నేల, వెనక పొయ్యిలు. దూలాల నుంచి వేటలో దొరికిన జంతువుల పుర్రెలు వేలాడతాయి. భయపెట్టటానికి కాదు, ఆ జీవాల ఆత్మలు తమ వాళ్ళని కూడా ఇటు పిలుస్తాయని. చెక్కతో చెక్కిన పక్షులూ వేలాడతాయి. అవి ఇంట్లో వాళ్ళ ఆత్మలకి ఆటబొమ్మలు. ఇల్లు అందంగా, సందడిగా ఉంటే ఆత్మ ఇంటిపట్టునే ఉంటుంది, లేకపోతే విసుగొచ్చి తిరుగుళ్ళు పడుతుంది. ఆ ఆత్మని సిమాగ్రె అంటారు. ఈ మాట ముందే గట్టిగా పట్టుకోవాలి, తర్వాత జరిగిందంతా దాని చుట్టూనే.

ఇంటాయన సికెరెయి, అంటే వైద్యుడూ పూజారీ. ఒంటినిండా పచ్చబొట్టు గీతలు, గోచీ, తలకి పూసల పట్టీ. అక్కడ పిల్లలు పుట్టాక మనిషిని పిల్లల పేరుతోనే పిలుస్తారు, ‘అమన్’ అంటే ఫలానా వాళ్ళ నాన్న, ‘బయి’ అంటే ఫలానా వాళ్ళ అమ్మ. నన్నూ మొదటి గంటలోనే పిల్లలెంతమంది అని అడిగి ఆ లెక్కనే పేరు పెట్టేశారు. కలిస్తే ‘అనయి లెవు ఇతా’, ఇస్తే ‘మసురా బగతా’. ఈ రెండూ నేర్చుకుని వెళ్ళండి. రోజుకి ఇరవైసార్లు వినిపించే మూడో మాట ‘మొయిలే మొయిలే’, మెల్లగా మెల్లగా.

10న వాన. ఏ పనీ లేదు. 11న చెట్టు చూడటానికి వెళ్ళాం. సాగో జీవితంలో ఒక్కసారే పూస్తుంది, పూశాక చస్తుంది. పదేళ్ళు, పదిహేనేళ్ళు మానులో దాచుకున్న పిండంతా ఆ పూతకి ఖర్చు పెట్టేస్తుంది. కనుక పూత బయటికి రాకముందే కొట్టాలి. కొనన ఆకులు పొట్టివవటం, మొవ్వు ఉబ్బటం చూసి గుర్తుపడతారు. పెద్దాయన గొడ్డలితో మానుకి చిన్న గంటు పెట్టి లోపలి దవ్వ నమిలి ఉమ్మాడు. మొదటి రెండు చెట్లూ వద్దన్నాడు. మూడోది కుదిరింది. మొదట్లో పిలకలు అప్పటికే నాలుగు ఉన్నాయి, వాటిని తొక్కకుండా ఏ పక్క పడెయ్యాలో చూడటానికే అరగంట పట్టింది. చెట్టుకి సొంతదారు ఉంటాడు, తోట తాతల పేరు మీద ఉంటుంది. అడవిలో ఉంది కదా అని ఎవరూ ఏదీ కొట్టరు.

12న చెట్టు కూలింది. గొడ్డలికి గంట పట్టలేదు. బెరడు ఒక్కటే గట్టి, లోపలంతా మెత్తటి దవ్వ. మీటరు చొప్పున తొమ్మిది ముక్కలు కోసి, వాగులోకి దొర్లించి, తీగతో వరసగా కట్టి ఇంటి దాకా తేల్చుకొచ్చారు. వాటిలో మొదలు దగ్గరి ఒక ముక్కనీ చెట్టు తలనీ మాత్రం అక్కడే వదిలేశారు. అందులో ఎర్రముక్కు పురుగు గుడ్లు పెడుతుంది, కొన్ని వారాలకి బొటనవేలంత లావు పిల్లపురుగులు తయారవుతాయి. తమ్రా అంటారు, చుట్టాలకి పెట్టే తిండి. కోనసీమ కొబ్బరి రైతు కంట నీళ్ళు పెట్టించే పురుగుకి ఇది దగ్గర చుట్టం. నాకు మూడు పెట్టారు, పచ్చివి. తల పట్టుకుని కొరికి, తల పారెయ్యాలి. కొబ్బరిపాల వెన్నలా ఉంది రుచి. వద్దంటే ఎవరూ ఏమీ అనుకోరు, ముఖం చిట్లించి తింటేనే బాధపడతారు.

13న తురమటం మొదలైంది. బెరడు చీల్చి, మేకులు దిగగొట్టిన బరువైన చెక్కతో దవ్వని గీకాలి. ఇద్దరు మగవాళ్ళు పొద్దుటి నుంచి సాయంత్రానికి మూడు ముక్కలు తురిమారు. నేను పావుగంట గీకేసరికి భుజాలు పడిపోయాయి. నేను గీకిన పొట్టు ముతకగా వచ్చిందని మళ్ళీ గీకారు. ముతకగా ఉంటే పిండి పొట్టులోనే ఉండిపోతుంది. కొన్ని ఊళ్ళలో పెట్రోలు మోటారు తురుముడు యంత్రాలు వచ్చాయి. ఇక్కడ ఇంకా చేతిపనే.

ఆ రాత్రి ఇంట్లో ఆరేళ్ళ పిల్లవాడికి జ్వరం తగిలింది. 14 పొద్దున తండ్రి వాణ్ణి వీపున కట్టుకుని కింద ఊళ్ళో ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాడు. మలేరియా పరీక్షలో లేదని వచ్చింది, జ్వరం మందు ఇచ్చారు. మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. సాయంత్రం పబెతెయి చేస్తామన్నారు, అంటే నయం చేసే తంతు. మందు వేశారు, తంతూ చేశారు, ఒకటి రెండోదానికి అడ్డమని ఎవరూ అనుకోలేదు. నాకు మాత్రం లోపల ఒకటే గుబులు. నేనొచ్చిన ఐదో రోజున పిల్లవాడు పడుకున్నాడు. వాళ్ళ నమ్మకంలో ప్రతి వస్తువుకీ ప్రతి మనిషికీ బజోవ్ అనే తేజు ఉంటుంది, రెండు తేజులు కుదరకపోతే బలహీనుడు జబ్బుపడతాడు. పెద్దాయన నన్ను నిందించలేదు. కొత్తగా ఏమేమి తెచ్చావో చూపించమని మెత్తగా అడిగాడు. సంచీ మొత్తం చాప మీద పెట్టాను. కట్టగట్టిన ఆకులు నీళ్ళలో ముంచి నా కెమెరాకి, కత్తికి, చివరికి నా నుదుటికి తాకించి, ఏదో మెల్లగా చెప్పాడు. గైడు తెలుగు చేసి చెప్పలేడు కదా, ఇంగ్లీషులో అన్నాడు: ఈ వస్తువులని ఇంటివాళ్ళతో స్నేహంగా ఉండమంటున్నాడు. కళ్ళు చెమర్చాయి.

ఆకు ఎందుకంటే, ఈ విశ్వాసం పేరే అరత్ సబులుంగాన్, అందులోని ‘బులుంగ్’ అంటే ఆకు. అడవి, ఆకాశం, నీళ్ళు, వీటిలో ఉండే ఆత్మలకీ మనుషులకీ మధ్య మాట మోసేది ఆకులే. పక్క ఉమా నుంచి రెండో సికెరెయి వచ్చాడు. ఇద్దరూ మధ్యాహ్నమంతా అడవిలో తిరిగి ఆకులు కోసుకొచ్చారు. ప్రతి ఆకు కోసేముందు దానితో మాట్లాడతారు, నీ పని ఇదీ అని చెప్తారు. ముళ్ళ కాడ మీద ఆకులు, పసుపు తురిమి, నీళ్ళు కలిపి పిండి పిల్లవాడికి పూశారు. కోడిపిల్లని చేతిలోకి తీసుకుని దువ్వుతూ చాలాసేపు మాట్లాడి మెడ విరిచారు. పేగుల మీది గీతలు దీపం దగ్గర పెట్టి చదివారు. మొదటి కోడి మంచి చెప్పలేదు. రెండోది తెచ్చారు. అది బాగుందన్నాక అందరి భుజాలూ ఒక్కసారి దిగాయి.

రాత్రి తొమ్మిదికి మొదలైన పాట తెల్లవారుజామున మూడింటికి ఆగింది. చేతిగంటలు వాయిస్తూ, ఆకులు పెట్టిన పళ్ళెం పట్టుకుని, తిరుగుతున్న సిమాగ్రెని ఇంటికి రమ్మని బతిమాలుతారు. ఇక్కడ నీ ఆటబొమ్మలున్నాయి, పంది మాంసముంది, అమ్మ ఉంది, రా. చర్మపు డోళ్ళకి పలకల నేల మీద పాదాలు కొడుతూ పక్షుల్లా తిరిగారు. ఆ నేల కూడా ఒక వాయిద్యమే, చప్పుడు కడుపులోకి తగులుతుంది. ఒకసారి చిన్న సికెరెయి ఒళ్ళు తెలియక వెనక్కి పడ్డాడు, వెనకున్నవాళ్ళు ముందే తెలిసినట్టు పట్టుకున్నారు. ఫొటోలు తియ్యలేదు. అడగాలని కూడా అనిపించలేదు. యాత్రికుల కోసం డబ్బు తీసుకుని చేసే నాట్యాలు వేరే ఉంటాయి, వాటికి కెమెరా తెచ్చుకోవచ్చు. గైడుతో బయల్దేరకముందే ఈ తేడా మాట్లాడుకోండి.

15న పందిని కోశారు. కోసేముందు దానికీ చెప్తారు, మేం నిన్ను పెంచాం, ఇప్పుడు పిల్లవాడి కోసం నువ్వు కావాలి అని. గుండె చూసి మళ్ళీ శకునం చదివారు. ఆ తర్వాతి పంపకం రెండు గంటలు పట్టింది. ఉమాలో ఎన్ని కుటుంబాలుంటే అన్ని కుప్పలు, ప్రతి కుప్పలో కాలేయం ముక్క, కొవ్వు ముక్క, చర్మం ముక్క. ఎవరికి ఏ భాగమూ తక్కువ పడకూడదు. నాకూ ఒక కుప్ప వేశారు, నా భార్యాపిల్లల వాటా నేనే తినాలన్నారు. పంది ఖర్చులోకి 5 లక్షల రుపియా ఇస్తానంటే పెద్దాయన తీసుకున్నాడు. విడిగా ఎవరి చేతిలోనూ పెట్టకండి, ఇంటి పెద్దకే ఇవ్వండి. మాంసం తినని వాళ్ళకి మిగిలేది సాగో, అరటి, కొబ్బరితో మెదిపిన చేమదుంప, దాన్ని సుబ్బెత్ అంటారు. బతకొచ్చు.

ఆ రోజూ, 16వ తేదీ కూడా కెయికెయి, అంటే పని నిషేధం. వేటకి వెళ్ళకూడదు, సాగో పని ముట్టకూడదు. ఉమా దాటి నేనూ వెళ్ళకూడదు. వచ్చిన ఆత్మ ఇంట్లో కుదురుకునేదాకా దాన్ని కంగారు పెట్టకూడదు కదా. నాకు అర్థమైంది, అయినా మనసు తురిమిన మూడు ముక్కల పొట్టు మీదే ఉంది. 17న ఇండోనేషియా స్వాతంత్ర్య దినం. సగం ఇల్లు జెండా పండక్కి కింద ఊరికి వెళ్ళిపోయింది. గోచీ విప్పి ప్యాంటు చొక్కా తొడుక్కుని పెద్దాయన కూడా వెళ్ళాడు.

ఆయన గుర్తింపు కార్డు మీద మతం క్యాథలిక్ అని ఉంది. ఉమాలో పవిత్రమైన ఆకుల కట్ట వేలాడే గోడకి పక్కనే సిలువ కూడా ఉంది. 1954లో ప్రభుత్వం సబులుంగాన్ వదిలేసి గుర్తింపు ఉన్న మతాల్లో ఒకటి ఎంచుకోమని హుకుం ఇచ్చింది, పూజ సామాన్లు తగలబెట్టారు. ఆయన తండ్రి డోలుని అడవిలో దాచి ఉంచాడట. 2017 నవంబరులో రాజ్యాంగ న్యాయస్థానం స్థానిక విశ్వాసాలని కూడా కార్డులో రాసుకోవచ్చని తీర్పిచ్చింది. మార్పించుకోలేదా అని అడిగితే పడవ ఖర్చు అన్నాడు.

18న తురిమిన పొట్టు కుప్ప తెరిచాం. పుల్లటి వాసన, గోధుమరంగు. తురిమిన దవ్వ తడిగా గాలికి ఉంటే ఒక రోజులోనే నల్లబడుతుంది, రెండో రోజుకి పులుస్తుంది. నాలుగు రోజులున్నది పందులకీ కోళ్ళకీ పోయింది. తురమకుండా వాగులో మునిగి ఉన్న ఐదు ముక్కలు తెల్లగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. నేర్చుకోవాల్సింది అక్కడే దొరికింది: ఆ రోజు నీళ్ళు పోసి తొక్కి పిండి తియ్యగలిగినంతే తురమాలి, మిగతాది బెరడు తియ్యకుండా నీళ్ళలోనే ఉంచాలి. నాకోసం త్వరగా కానిద్దామని 13న ఎక్కువ తురిమారని తర్వాత తెలిసింది. ఆ తొందర నాది.

18, 19 తేదీలు తురమటం, తొక్కటం ఒకేసారి. వాగు ఒడ్డున మనిషెత్తు మంచె. దాని మీద తొట్టి, తొట్టి అడుగున కొబ్బరిమట్ట మొదట్లో ఉండే జల్లెడలాంటి నార. పొట్టు వేసి, పొడుగు కర్రకి కట్టిన దొప్పతో వాగు నీళ్ళు తోడిపోస్తూ తొక్కాలి. వేళ్ళతో కాదు, మడమతో, గుండ్రంగా. పాలలాంటి నీళ్ళు కింద పాత దోనెలోకి దిగుతాయి. పిండి అడుక్కి పేరుకుంటుంది, పై నీరు దోనె చివర నుంచి పొర్లిపోతుంది. గుప్పెడు పొట్టు పిండి చూడాలి, తెల్లనీళ్ళు వస్తే ఇంకా తొక్కాలి, మామూలు నీళ్ళొస్తే ఎత్తి కోళ్ళకి పారెయ్యాలి. ఒక్కో వాయికి నలభై నిమిషాలు. 18 మధ్యాహ్నం ఎగువన వాన పడి వాగు ఎర్రబడింది. వెంటనే ఆపేశారు. బురదనీళ్ళతో తొక్కితే మన్ను పిండిలోకి దిగుతుంది, తర్వాత ఏం చేసినా పళ్ళకింద ఇసుక తగులుతుంది. నీళ్ళు తేటపడటానికి మూడు గంటలు కూర్చున్నాం.

20 పొద్దున దోనెలో నీరు వంచేస్తే అడుగున జానెడు మందాన పిండి, ఇటుకలా గట్టిగా. పారతో ముక్కలు తీసి, సాగో ఆకులతో అల్లిన పొడుగాటి బుట్టల్లో కూరారు. ఐదు బుట్టలు వచ్చాయి, ఒక్కోటీ ఇద్దరు మోసేంత బరువు. ఒకటి ఇంట్లోకి, నాలుగు వాగు బురదలోకి. గాలి తగలకుండా తడిలో ముంచి ఉంచితే నెలల తరబడి పాడుకాదు, కాస్త పులుపెక్కుతుంది అంతే. ఎండబెడదామా అని అడిగాను. ఇంత వాన పడే చోట ఎండేదెక్కడ?

ఆ సాయంత్రం మొదటి కపురుత్. పిండి పొడిచేసి జల్లించి, సాగో ఆకులో మూరెడు గొట్టంలా చుట్టి నిప్పుల మీద కాలుస్తారు. ఆకు నల్లగా మాడాలి. వేడిగా తింటే పైన పొగవాసన, లోపల జిగురు. చల్లారితే సుద్దముక్క. జ్వరం వదిలిన పిల్లవాడు నా పక్కన కూర్చుని రెండు తిన్నాడు. నేను ఒకటిన్నర.

21 వాన. 22న కిందికి దిగాం. నది నిండుగా ఉంది, మూడు గంటల్లో మువారా సిబెరుత్. 23న ఎక్కాల్సిన ఫెర్రీ అలల వల్ల రద్దయింది, 25న వెళ్ళాను. తిరుగు విమానానికి కనీసం మూడు రోజులు ఎడం పెట్టుకోండి. ఖర్చు: గైడుకి 16 రోజులకి 64 లక్షల రుపియా, ఉమాకి 13 రాత్రులకి 26 లక్షలు, పొంపొంగ్ రానుపోను 30, సరుకులు 14, ఫెర్రీ 7, వీసా 5, పందికి 5, బసలు 11. మొత్తం 162 లక్షలు, మన లెక్కలో 85 వేల పైచిలుకు, విమానం కాక. రెండోసారి వెళ్తే రబ్బరు బూట్లకి బదులు కాళ్ళకి రాసుకునే వేజలిన్ పెద్ద డబ్బా, రెండు కార్టన్ల సిగరెట్లకి బదులు ఐదు, ఇంకో వారం సెలవు తీసుకెళ్తాను. వాగులో ముంచిన నాలుగు బుట్టల్లో ఒకదానికి పెద్దాయన ఎర్ర తీగ కట్టి ఉంచాడు, నాదని.